కెప్లరు ‘స్వప్నము’ : వింతయు, విజ్ఞానమును

మన ఆలంకారికులు అద్భుత రసమునకు స్థాయిభావము విస్మయమని చెప్పిరి. ఎన్నడును చూడనిది కంటబడినపుడు మనస్సు ఒక క్షణము నిలిచిపోవును. ఆ క్షణము గడచిన తరువాత ఏమి జరుగుననునది ఆ మనస్సును బట్టియు, ఆ సమాజమును బట్టియు ఉండును. కొందరు చేతులు జోడింతురు. కొందరు భయపడి రాళ్లు రువ్వుదురు. మరికొందరు ఇది ఎట్లు జరుగుచున్నదని అడుగుదురు. ఒక వింత కథ తన పాఠకుని ఈ మూడు దారులలో దేనికి నడిపించుచున్నదో పరిశీలించుట విమర్శకుని పనులలో ఒకటి. ఇట్టి పరిశీలనకు తగిన గ్రంథము జోహాన్ కెప్లరు లాటిన్ భాషలో వ్రాసిన ‘సోమ్నియమ్’. ఆ మాటకు స్వప్నమని అర్థము.

కెప్లరు (1571–1630) పేరు ఉన్నత పాఠశాల విద్యార్థులకు గ్రహగతి సూత్రముల వలన తెలిసినదే. గ్రహములు దీర్ఘవృత్తములలో సూర్యుని చుట్టు తిరుగునని 1609లో అచ్చైన తన గ్రంథమున నిరూపించినవాడు అతడే. అతడు కథ కూడ వ్రాసెనని ఎరిగినవారు తక్కువ. ఆ కథకు మూలము అతని విద్యార్థి దశలోనే కలదు. 1593లో టూబింగెన్ విశ్వవిద్యాలయమున చదువుచున్న కాలమున, చంద్రుని మీద నిలిచినవానికి ఆకాశము ఎట్లు కనబడునను ప్రశ్నపై అతడు ఒక వాదమును సిద్ధపరచెను. కోపర్నికసు సిద్ధాంతము గిట్టని ఆచార్యుడు ఆ చర్చను సభలో జరుగనీయలేదు. పదునారేండ్ల తరువాత ప్రాగ్ నగరమున చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడుగా నున్నపుడు కెప్లరు అదే ప్రశ్నను కథగా మలచెను. 1620 మొదలు మరణించు వరకు దానికి వివరణలు చేర్చుచు వచ్చెను. గ్రంథము అచ్చులో వెలువడినది అతడు పోయిన నాలుగేండ్లకు, 1634లో. ఆ పని ముగించినవాడు కుమారుడు లుడ్విగ్.

కథ ఇట్లు సాగును. 1608లో ఒకడు, మంత్రవిద్యకు పేరుపడిన లిబుస్సా అను బొహీమియా రాణి చరిత్ర చదువుచు నిద్రపోవును. సంతలో కొన్న ఒక పుస్తకమును చదువుచున్నట్లు అతనికి కల వచ్చును. ఆ పుస్తకములో డ్యురాకోటసు అను ఐస్‌లాండు యువకుడు తన వృత్తాంతము చెప్పును. అతని తల్లి ఫియోల్క్స్‌హిల్డె మూలికలు ఏరి, తోలుసంచులలో కట్టి, ఓడవారికి అమ్మి బ్రదుకు స్త్రీ. ఒకనాడు పిల్లవాడు కుతూహలము పట్టలేక ఒక సంచిని కోసి లోపల ఏమున్నదో చూచును. బేరము చెడిన కోపములో తల్లి కొడుకునే ఓడ నడుపువానికి అప్పగించును. ఆ ఓడ అతనిని హ్వేన్ ద్వీపములోని టైకో బ్రాహీ వేధశాలకు చేర్చును. టైకో కల్పిత పాత్ర కాదు; కెప్లరు కొంతకాలము అతనివద్ద పనిచేసి, 1601లో అతడు మరణింపగా ఆ పదవిని పొందెను. యువకుడు అక్కడ కొన్ని సంవత్సరములు ఖగోళశాస్త్రము నేర్చి ఇల్లు చేరును. తల్లి సంతోషించి తన రహస్యమును వెల్లడించును. చంద్రలోకమును ఎరిగిన ఒక దయ్యమును ఆమె పిలువగలదు. ఆ దయ్యము వచ్చి ‘లెవానియా’ను వర్ణించును. హీబ్రూ భాషలో చంద్రునకు గల పేరునుండి కల్పించిన నామమది. తక్కిన కథ అంతయు ఈ వర్ణనయే.

ఇంతవరకు ఇది జానపద కథల పోకడలోనే నడచినది. మూలికలు, దయ్యము, దూరదేశ ప్రయాణము, ఇవన్నియు ఆ కాలపు పాఠకునికి పరిచితములు. లెవానియా వర్ణన మొదలైన తరువాతనే నిజమైన వింత ఆరంభమగును. దయ్యము భూమిని భూమి అనదు, ‘వోల్వా’ అనును. తిరుగునదని ఆ మాటకు అర్థము. చంద్రుడు ఎల్లప్పుడు ఒకే ముఖమును భూమివైపు త్రిప్పి యుండును గనుక లెవానియాలో రెండు అర్ధగోళములు ఏర్పడినవి. వోల్వా కనబడు వైపు ‘సబ్‌వోల్వా’. ఎన్నడును కనబడని వైపు ‘ప్రివోల్వా’. సబ్‌వోల్వా వాసులకు వోల్వా ఉదయింపదు, అస్తమింపదు. ఆకాశమున మేకు కొట్టి వ్రేలాడదీసినట్లు ఒకే చోట నుండును. దాని వ్యాసము మనకు కనబడు చంద్రుని వ్యాసమునకు దాదాపు నాలుగు రెట్లు. నేటి లెక్కలో సుమారు 3.7 రెట్లు. కదలని ఆ బింబమునకు మన చంద్రునివలె కళలు కలవు. దాని మచ్చలు ఒక వైపునుండి మరియొక వైపునకు జరిగి, సుమారు 24 గంటలకు తిరిగి వచ్చును గనుక అది వారికి గడియారముగా నుపయోగపడును. మన పిల్లలు చందమామలో కుందేలును చూచునట్లు, సబ్‌వోల్వా వారు ఆ మచ్చలలో ఆకారములను పోల్చుకొందురు. ఆఫ్రికా వారికి ఒక మనుష్యుని తలవలె, ఐరోపా పొడవైన దుస్తులు ధరించిన బాలికవలె తోచును.

ఈ వర్ణనలో ప్రధానమైన మాట ఒకటి కలదు. లెవానియా వాసులు తమ లోకము నిశ్చలముగా నున్నదనియు, నక్షత్రములే తమ చుట్టు తిరుగుచున్నవనియు నమ్ముదురు. ఆ వాక్యము చదివిన పాఠకుడు, పాపము, వారెంత పొరపడిరి, చంద్రుడు తిరుగుచున్నాడు గదా అని నవ్వుకొనును. ఆ నవ్వు పూర్తి కాకముందే అదే ప్రశ్న అతనివైపు తిరుగును: భూమి నిశ్చలమని నీవు నమ్ముటకు గల ఆధారము వారి ఆధారముకంటె గట్టిదా? రెంటికిని కదలిక తెలియకపోవుటయే ఆధారము. భూమి కదలినచో మనకు తెలియకుండునా అనునదియే ఆనాడు కోపర్నికసు సిద్ధాంతముపై సామాన్యులు చేసిన ఆక్షేపణ. కెప్లరు ఆ ఆక్షేపణకు ఎదురు వాదము చెప్పలేదు. ఆక్షేపించువానిని చంద్రుని మీద నిలబెట్టెను. కథ ఉద్దేశము ఇదియేనని తరువాతి వివరణలలో తానే తెలిపెను.

ఈ ఉపాయము భారతీయ పాఠకునకు క్రొత్తగాదు. 499 నాటి ‘ఆర్యభటీయము’లో ఆర్యభటుడు, ముందుకు సాగు నావలోనివానికి ఒడ్డున నిలిచియున్న వస్తువులు వెనుకకు పోవుచున్నట్లు కనబడునని చెప్పి, నక్షత్రముల పడమటి గమనమును అట్లే గ్రహింపవలెనని సూచించెను. ఆర్యభటుడు ఒక పోలికతో ముగించిన దానిని కెప్లరు ఒక లోకముగా పెంచెను. సాహిత్య విమర్శలో దీనికి దగ్గరగు భావమును విక్టర్ ష్‌క్లోవ్‌స్కీ అను రష్యన్ విమర్శకుడు 1917లో ప్రతిపాదించెను. అలవాటు వలన కంటికి ఆనకుండ పోయిన వస్తువును వింతగా చూపి, దానిని మరల చూడదగినదిగా చేయుటయే కళ చేయు పని అని అతని మతము. ‘స్వప్నము’లో వింతగా మారినది చంద్రుడు కాదు, భూమి. పాఠకుడు ఇల్లు విడిచి దూరము పోయి, తన ఇంటినే తొలిసారి చూచును.

చంద్రలోక యాత్రలు కెప్లరుతో మొదలు కాలేదు. క్రీస్తు శకము రెండవ శతాబ్దిలో లూషియన్ అను గ్రీకు రచయిత ‘నిజమైన చరిత్ర’ అను పేరుతో చంద్రలోకపు రాజునకు, సూర్యలోకపు రాజునకు జరిగిన యుద్ధమును వర్ణించెను. ఇందులో ఒక్క ముక్కయు నిజము కాదని ముందుగానే చెప్పెను. లూషియన్ వింతలు హాస్యము కొరకు పుట్టినవి. వానిలో ఒకదానిని తీసి మరియొకటి పెట్టినను కథకు లోటు లేదు. కెప్లరు వింతలలో ఒక దానిని మార్చినచో తక్కినవన్నియు మారవలసి వచ్చును. అక్కడ ఒక పగలు, ఒక రాత్రి కలిసి మన నెలతో సమానము. కావున పగలు మన లెక్కలో సుమారు పదునైదు రోజులు, రాత్రి పదునైదు రోజులు. పగలు భరింపరాని వేడి, రాత్రి భరింపరాని చలి. అందువలన అక్కడి ప్రాణులు గుహలలో, లోతు నీటిలో దాగుకొనును. వేగముగా పెరిగి వేగముగా చచ్చును. ప్రివోల్వా వారికి స్థిరమైన ఇండ్లు లేవు. గుంపులుగా తమ లోకమంతటను తిరుగుచుందురు. ప్రాణి స్వభావమును పరిసరములనుండి ఊహించు ఈ పద్ధతి కథా సాహిత్యములో ఆ కాలమునకు క్రొత్తది.

గ్రంథములో దోషములు లేకపోలేదు. మొదటి దోషము నిర్మాణములోనిది. కథ చిన్నది; దానికి కెప్లరు చేర్చిన వివరణలు 223. అవి కథకంటె ఎన్నో రెట్లు పెద్దవి. ప్రతి వింత వెంట ఒక ఉపాధ్యాయుడు నడచుచు భుజము తట్టుచున్నట్లుండును. దయ్యమును పిలుచుటకు 21 అక్షరములు కావలెనని కథ చెప్పును. లాటిన్‌లో ‘కోపర్నికసు ఖగోళశాస్త్రము’ అను మాటలకు అక్షరములు 21 అని వివరణ తెలుపును. చమత్కారము బాగున్నది గాని, విప్పి చెప్పిన తరువాత పొడుపుకథ చప్పబడును. రెండవ దోషము ప్రయాణములోనిది. గ్రహణ సమయమున నీడ వెంట, నాలుగు గంటలలో, 50,000 జర్మన్ మైళ్లు దాటవలెనట. ఆ మైలు సుమారు 7.4 కిలోమీటర్లు గనుక దూరము 3,70,000 కిలోమీటర్లగును. నేటి సగటు 3,84,400 కిలోమీటర్లు. దూరము ఇంత చక్కగా చెప్పినవాడు కాలము విషయమున దయ్యముపై భారము వేసెను. 1969లో అపోలో 11 చంద్రుని కక్ష్య చేరుటకు మూడు రోజులు పట్టెను. అయినను బయలుదేరునపుడు దేహమునకు తగులు అదరును, దారిలో చలిని, ఊపిరాడకుండుటను, భూమి చంద్రుల ఆకర్షణలు సరితూగు చోటును అతడు మరువలేదు. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ 1687లో గాని వెలువడలేదని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ ఊహల విలువ తెలియును. చంద్రుని మీద గాలి, నీరు, ప్రాణులు ఉన్నవనుట మాత్రము నిలువలేదు.

మూడవ లోపము అన్నిటికంటె బరువైనది. అది పుస్తకమునుండి వీధిలోనికి నడచినది. కథలోని తల్లి మూలికలమ్మి, దయ్యములతో మాటలాడును. కొడుకు టైకోవద్ద చదివినవాడు. కెప్లరును ఎరిగినవారికి ఇతడు కెప్లరే, ఆమె అతని తల్లియే అని తోచుట సహజము. అతని తల్లి కాథరీనా వుర్టెంబర్గ్ రాజ్యములోని లియోన్‌బర్గ్ పట్టణమున నివసించు విధవ. ఆమెకు కూడ మూలికలతో మందులు చేయు అలవాటుండెను. కథ వ్రాతప్రతి 1611లో తన ఊళ్లవైపు చేరెననియు, క్షౌరశాలలలో సైతము దానిని గూర్చి గుసగుసలు సాగెననియు కెప్లరు తరువాత వాపోయెను.

1615లో పొరుగున నున్న ఒక స్త్రీ, కాథరీనా ఇచ్చిన చేదు పానీయము వలన తనకు జబ్బు పట్టుకొన్నదని నింద మోపెను. నిందలు ఒకటికి పది ఆయెను. తండ్రి పుర్రెను వెండితో పొదిగించి పానపాత్ర చేయింపదలచి, కాటికాపరిని అడిగెనను సంగతి కూడ పైకి వచ్చెను. 1620 ఆగస్టులో, డెబ్బది దాటిన ఆ వృద్ధురాలిని కుమార్తె ఇంటినుండి రాత్రివేళ బట్టల పెట్టెలో పెట్టి తీసికొనిపోయిరి. పదునాలుగు నెలలు సంకెళ్లతో నిర్బంధమున నుండెను. 1621 సెప్టెంబరులో హింసా సాధనములను ఎదుట పెట్టి ఒప్పుకొమ్మని బెదరించిరి. ఒప్పుకొనుటకు ఏమియు లేదని ఆమె నిలిచెను. అక్టోబరులో విడుదలై, 1622 ఏప్రిల్‌లో మరణించెను. తన కథయే ఈ నిప్పు రగిల్చెనని కెప్లరు అనుమానించెను. కాని ఆమెపై మోపిన నిందలు ఆ కథనుండి గాక ఊరిలోని పాత తగవులనుండి, రోగములనుండి, అనుమానములనుండి పుట్టినవి.

కెప్లరు లింజ్ నగరమున తన పని ఆపి వచ్చి, తల్లి పక్షమున స్వయముగా వాదము తయారు చేసెను. ఆ వాదపు పద్ధతి సాహిత్య విమర్శకునకు కూడ ముఖ్యమైనది. అతడు ప్రతి నిందను విడిగా తీసికొని, అందులోని వింతను మామూలు కారణముతో విప్పెను. ఒక బాలికకు చేయి నొప్పి పుట్టుటకు మంత్రము అక్కరలేదు. ఆమె మోసిన ఇటుకల బరువే చాలును. బడిపంతులు కుంటివాడగుటకు అతడు దూకిన కాలువ కారణము. మొదటి ఫిర్యాది జబ్బు చేదు పానీయమునకు ముందునుండియు కలదు. ‘స్వప్నము’లో కెప్లరు తెలిసిన భూమిని వింతగా చూపెను. న్యాయస్థానమున వింతగా కనబడినదానిని తెలిసిన కారణములలోనికి దింపెను. పైకి ఎదురెదురుగా నడచు ఈ రెండు పనులకు మూలసూత్రమొక్కటే: కంటికి తోచినదానిని అట్లే నమ్మక, తోచుటకు కారణమేమని అడుగుట. భూమి నిశ్చలమని తోచుట ఒక భ్రమ. వృద్ధురాలు మంత్రగత్తె అని తోచుట మరియొక భ్రమ. మొదటిదానికి దూరము పోయి చూచుట మందు, రెండవదానికి దగ్గరకు వచ్చి చూచుట మందు.

ఇక్కడ కెప్లరునకు ఒక మాట తగులక తప్పదు. కథలోని తల్లి చదువులేని అనుభవమునకు, అజ్ఞానమునకు గుర్తు అనియు, ఆ తల్లికి పుట్టిన బిడ్డయే శాస్త్రమనియు, అజ్ఞానము జనములో బ్రదికియున్నంత కాలము కారణములను బయటపెట్టుట శాస్త్రమునకు క్షేమము కాదనియు అతని వివరణ. దయ్యమను మాటకు గ్రీకులో ఎరుకను తెలుపు ధాతువుతో సంబంధము కలదని కూడ సమర్థించుకొనెను. పండితులకు ఈ రూపకము తృప్తి నీయవచ్చును. క్షౌరశాలలో కూర్చున్నవానికి రూపకము తెలియదు. మూలికలమ్మి, దయ్యము, ఈ రెండే తెలియును. పైగా బందిఖానాలో ఆ అజ్ఞానము చేత పీడింపబడినది తల్లియే. ఆమెను అజ్ఞానమునకు బొమ్మగా వాడిన రచయిత, చివరకు అజ్ఞానమునుండి ఆమెను కాపాడుటకు సంవత్సరముపైగా శ్రమింపవలసి వచ్చెను. వింతను వాడు రచయిత తన పాఠకులు ఎవరో, ఏ భయములతో బ్రదుకుచున్నారో తెలిసియుండవలెను. ఇది మనకు దూరదేశపు పాత సంగతి కాదు. చేతబడి, బాణామతి అను పేర్లతో నిందలు మోపి మనుష్యులను హింసించిన సంఘటనలు ఈ శతాబ్దిలో కూడ తెలుగు గ్రామములలో జరిగినవి. నిందకు గురియైనవారిలో ఒంటరి స్త్రీలు, వృద్ధులు కలరు. రోగమునకు కారణము వెదకుట మాని మనిషిని వెదకుట, లియోన్‌బర్గ్‌లోను ఇక్కడను ఒకటియే.

‘స్వప్నము’లోని ఖగోళ భాగము తరువాతి కాలమున నిజమైన పరీక్షకు నిలిచెను. 1968 డిసెంబరు 24న అపోలో 8 వ్యోమగాములు చంద్రుని అంచునుండి భూమి ఉదయించుచున్నట్లు ఛాయాచిత్రము తీసిరి. ఆ ఉదయము నౌక కదలుటచే కలిగినది. చంద్రుని నేల మీద ఒకచోట నిలిచినవానికి భూమి కొద్దిగా ఊగిసలాడుటయే గాని ఆకాశమును దాటి పోవుట లేదు. కెప్లరు చెప్పినది ఇదే. 2019 జనవరి 3న చైనా వారి చాంగ్-ఎ 4 చంద్రుని ఆవలి వైపున, అనగా ప్రివోల్వాలో, దిగెను. అచటినుండి భూమి కనబడదు గనుక సంకేతములు సూటిగా అందవు. అందుకై ముందుగానే ఒక ఉపగ్రహమును మధ్యవర్తిగా నిలుపవలసి వచ్చెను. 2023 జులై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న సబ్‌వోల్వా దక్షిణ భాగమున దిగెను. అది ఒక చంద్రపగలు, అనగా సుమారు 14 రోజులు, పనిచేయుటకు నిర్మింపబడినది. దీర్ఘమైన చలిరాత్రి గడచిన తరువాత మరల మేల్కొనలేదు. కెప్లరు కల్పించిన ప్రాణులను గుహలలోనికి తరిమిన రాత్రియే ఇది.

ఉపాధ్యాయులకు ఈ గ్రంథమువలన ఒక ప్రయోజనము కలదు. చంద్రకళలు, గ్రహణములు చెప్పునపుడు విద్యార్థిని ఒకమారు చంద్రుని మీద నిలబెట్టి ప్రశ్నింపవచ్చును. మనకు పౌర్ణమి అయిననాడు అచటివారికి భూమి ఎట్లుండును? మనకు చంద్రగ్రహణమైనపుడు వారికి ఏ గ్రహణము? మొదటిదానికి భూమి చీకటి వైపు వారికి ఎదురుగా నుండుననియు, రెండవదానికి సూర్యగ్రహణమనియు సమాధానము. బొమ్మ గీచి ఈ సమాధానములను తానే కనుగొన్న విద్యార్థి, సూర్యుడు ఉదయించెనని చెప్పునపుడు ఒక్క నిమిషమైన ఆగి ఆలోచించును.

కథగా చూచినచో ‘స్వప్నము’ సమగ్రము కాదు. పాత్రలు పలుచన, వివరణలు బరువు, ముగింపు తొందర. గాలివాన శబ్దమునకు నిద్ర చెదరి, తలకు దిండు, దేహమునకు దుప్పటి చుట్టుకొనియున్న మనిషి లేచి కూర్చుండుటతో దయ్యము మాట సగములో ఆగిపోవును. అయినను తెలియని లోకమును కల్పించి తెలిసిన లోకమును పరీక్షించుటలో దానికి సాటి వచ్చు రచనలు ఆ కాలమున అరుదు. ఆ గ్రంథమును వ్రాసిన చేతితోనే కెప్లరు తల్లి పక్షమున వాదమును వ్రాసెను. ఒకదానిని విడిచి రెండవదానిని చదివినవారికి అతని పనిలో సగమే తెలియును.